అద్భుతకథాచిత్రములందు నాయిక: కారకవిచారము

హైదరాబాదునుండి విజాపురమునకుఁ బోవు రాజమార్గమున మొయినాబాదు, చేవెళ్ల యను రెండూళ్లు గలవు. చేవెళ్ల మఱ్ఱులని పేరొందిన వటవృక్షము లీ మార్గమునకు గుర్తు. మొయినాబాదు మండలమున, గండిపేట చెరువునకుఁ జేరువగా, చిలుకూరు వేంకటేశ్వరాలయ మున్నది. విదేశములకుఁ జదువులకై వెళ్లఁగోరు విద్యార్థు లిచ్చటికి వచ్చి 11 ప్రదక్షిణములు చేసి మ్రొక్కుకొనుటయు, కోర్కి యీడేఱిన పిదప 108 ప్రదక్షిణములు చేయుటయు వాడుక. అందుచే నీ స్వామికి వీసా బాలాజీ యను వ్యవహారము గలిగినది. అట్లు మ్రొక్కువారిలో బాలురతోపాటు బాలికలును బెక్కండ్రు. పరిసరములందలి ఇంజనీరింగు కళాశాలలలోఁ జదివి, యంత్రవిద్యను గంప్యూటరు విద్యను నేర్చి, సముద్రములు దాఁటిపోవు నీ కన్యలు వెండితెరమీఁద శాస్త్రాద్భుతకథను జూచునపుడు తమవంటి స్త్రీని అందే స్థానమునఁ గాంతురు? ప్రయోగము చేయు శాస్త్రజ్ఞురాలిగనా, ప్రయోగమునకు లోనగు వస్తువుగనా? ఈ ప్రశ్న మిచ్చట విచారింపఁబడుచున్నది.

శాస్త్రమును మూలముగాఁ గొని, యింకను జరుగని వింతను జరిగినట్లు చెప్పునది శాస్త్రాద్భుతకథ. అట్టి కథ యొక చిత్రముతో ముగియక, చేవెళ్ల మఱ్ఱివలె నూడలు దింపి, ఊడలే మానులైనట్లు భాగములుగాఁ బెరిఁగినచోఁ గథాశ్రేణి యగును. నేఁటి చలనచిత్రవ్యాపారమున నిట్టి శ్రేణులకుఁ బ్రాబల్యము హెచ్చు. వీనియందు నాయికకుఁ బ్రాధాన్యము గలదా యని విచారించునపుడు, ఆమె తెరమీఁదఁ గానవచ్చు కాలమును గాని, చేయు యుద్ధముల సంఖ్యను గాని లెక్కించుట చాలదు. వాక్యమునఁ బదములకుఁ గారకభేద మున్నట్లు కథయందుఁ బాత్రలకును గలదు. క్రియయందు స్వాతంత్ర్యము గలది కర్త. క్రియాఫలమునకు లోనగునది కర్మ. క్రియకు సాధనమైనది కరణము. క్రియ కాధారమైనది యధికరణము. నాయిక యే కారకమున నున్నదో తెలిసినచోఁ గథకుని హృదయము తెలియును.

తెలుగు కావ్యములందు నద్భుతకథానాయికలు కర్తృస్థానమున నుండకపోలేదు. పదునాఱవ శతాబ్దివాఁడగు పింగళి సూరన కళాపూర్ణోదయమునఁ గలభాషిణి యను వేశ్యాకన్యను నిలిపెను. ఆమె నలకూబరునిఁ గామించి, ఆ కోర్కి తీఱుటకై రంభారూపమును దాల్చును. ఆమె సంకల్పమే కథను మలుపు త్రిప్పును. మఱుజన్మమున మధురలాలసయై పుట్టి, పసికూనయై యుండఁగనే పూర్వజన్మవృత్తాంతమును జెప్పునదియు నామెయే. కథను నడపునదియుఁ గథను జెప్పునదియు నొక్క స్త్రీయే యగుట గమనింపఁదగినది. ఆ కవియే ప్రభావతీప్రద్యుమ్నమున శుచిముఖి యను హంసిని దౌత్యమునకు నియోగించి, పాండిత్యమును వాక్చాతుర్యమును దాని కొసఁగెను. కాఁబట్టి స్త్రీని గర్తగా నిలుపుట పరదేశములనుండి యరువుదెచ్చిన పద్ధతి యనుట సరికాదు.

జానపదకథయం దీ స్థితి వేఱు. తెలంగాణమునఁ బల్లెలు దిరిగి జంగము కథకులు పాడిన బాలనాగమ్మకథ మిక్కిలి ప్రసిద్ధము. మాయలమరాఠి నాగమ్మను గుక్కగా మార్చి కొనిపోవును. ఆమె వ్రతము నెపమునఁ బెక్కేండ్లు వానిని దూరముగా నుంచి తన్నుఁ దాను గాపాడుకొనును. కాని మాంత్రికుని ప్రాణము చిలుకయందున్నదను గుట్టు తెలిసి, సాహసించి, తల్లిని చెఱ విడిపించువాఁడు కుమారుఁడగు బాలవర్ధి. 1942లో జెమినీవారు సి. పుల్లయ్య దర్శకత్వమున దీనినిఁ జలనచిత్రముగాఁ దీసిరి. కాంచనమాల నాగమ్మగను, గోవిందరాజుల సుబ్బారావు మాంత్రికుఁడుగను నటించిరి. ఓర్పునకును బుద్ధికిని లోటు లేకున్నను, కథను ముగించు క్రియ నాయికది కాదు. ఆమె యిచ్చటఁ గర్మ.

1951లో కె. వి. రెడ్డి దర్శకత్వమున వెలువడిన పాతాళభైరవియందు శక్తి స్త్రీరూపమునఁ బ్రత్యక్షమగును. అయినను బ్రతిమ యెవరిచేత నున్న వారి యాజ్ఞకే యాశక్తి లోఁబడును. తోఁటరాముఁడు కోరినను, మాంత్రికుఁడు కోరినను దీర్పవలసినదే. ఇది కరణస్థితి. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ఆదిత్య 369 తో మాంత్రికుని స్థానమునకు శాస్త్రజ్ఞుఁడును, మంత్రదండమునకు మాఱుగాఁ గాలయంత్రమును వచ్చెను. 1895లో వెలువడిన ఎచ్. జి. వెల్సు నవలయందలి కల్పన యిచ్చటఁ గృష్ణదేవరాయల యాస్థానముతో జోడింపఁబడినది. కృష్ణకుమారుఁడును హేమయు యంత్రమెక్కి రాయలకాలమునకును, పిదప 2504వ సంవత్సరమునకును బోవుదురు. యంత్రమును నిర్మించినవాఁడు ఆచార్య రామదాసు. హేమ యతని కుమార్తె. విద్య తండ్రిది, సాహసము నాయకునిది, నాయిక ప్రయాణమునకుఁ దోడు. హేమతోడఁ గృష్ణకుమారుఁడు పోయెననిన వాక్యమందలి సహార్థతృతీయయే యామె స్థానము. దండము పోయి యంత్రము వచ్చినను విభక్తి మాత్ర మంతగా మాఱలేదు.

శాస్త్రమునే స్త్రీచేతి కిచ్చిన కథ దక్షిణదేశమున నంతకు 86 సంవత్సరములకుఁ బూర్వమే యచ్చుపడియుండెను. 1905లో వంగదేశపు ముస్లిము వనిత రొకేయా సఖావత్ హుస్సేన్ రచించిన సుల్తానాస్ డ్రీమ్ అను నాంగ్లకథ చెన్నపురి పత్రికయగు ఇండియన్ లేడీస్ మ్యాగజీనునందుఁ బ్రకటింపఁబడెను. ఆ పత్రిక సంపాదకురాలు కమలా సత్యనాథన్ రాజమహేంద్రవరమునఁ దెలుగింటఁ బుట్టినది. ఆ కథయందు స్త్రీల విశ్వవిద్యాలయములు గలవు. ఒకదానివారు మేఘమండలమునుండి నీటిని దింపుకొందురు. వేఱొకదానివారు సూర్యుని వేఁడిమిని గూర్చి దాఁచుకొందురు. శత్రుసేనలు దండెత్తిరాఁగా పురుషులు చేయలేని పనిని వారు కత్తిపట్టక, ఆ వేఁడిమిచేతనే చేసి శత్రువులఁ బాఱఁద్రోలుదురు. ఇందు స్త్రీ శాస్త్రమునకుఁ గర్త. తెలుగు చలనచిత్రములు మాంత్రికకథను విడిచి శాస్త్రకథకు వచ్చినపుడీ జాడను బట్టియుండిన, హేమ యాచార్యుని కూఁతురు గాక తానే యాచార్యురాలై యుండెడిది.

పాశ్చాత్యచిత్రములందును మార్పు మెల్లగానే వచ్చినది. 1927 నాటి మెట్రోపోలిసునందు ఫ్రిట్సు లాంగు మరియ యను కన్యను జూపెను. శాస్త్రజ్ఞుఁ డామె రూపమును యంత్రప్రతిమకుఁ దొడిగి జనులను మోసగించును. 1979లో రిడ్లీ స్కాటు తీసిన ఏలియనునందు భేదము స్పష్టము. నావికులలో నెవరైనను స్త్రీ గావచ్చును, పురుషుఁడు గావచ్చునని మూలరచనయందే సూచింపఁబడియుండెను. అందుచేత సిగౌర్నీ వీవరు ధరించిన రిప్లీ పాత్ర స్త్రీయనుటచే నొకరి కూఁతురో, ప్రియురాలో కాలేదు. ఓడనియమ మెఱిఁగిన యుద్యోగినియై, తన నిర్ణయముచేతఁ బ్రాణము దక్కించుకొన్నది. ఆ నటియే 1986, 1992, 1997 సంవత్సరములందు వెలువడిన తరువాతి మూఁడు భాగములందును ఆ పాత్రను ధరించెను.

తెలుఁగునఁ గర్తృత్వము తిరిగి వచ్చినది మొదట శాస్త్రకథయందుఁ గాదు, మంత్రకథయందే. 2009లో కోడి రామకృష్ణ తీసిన అరుంధతియందు గద్వాల సంస్థానపు జేజమ్మ దుష్టుని సంహరించుటకుఁ దన యస్థులే యాయుధము గావలెనని తెలిసికొని స్వేచ్ఛగాఁ బ్రాణమర్పించును. మఱుజన్మమున నామెయే యా యాయుధమును బట్టును. దధీచికథ యిచ్చట స్త్రీపరమైనది. కరణమును గర్తయు నొక్కతెయే.

ఇట్టి పూర్వరంగమున 2024 జూన్ 27వ తేదీన వెలువడిన కల్కి 2898 ఏ.డి. ని బరిశీలింపవలెను. నాగ్ అశ్విన్ దర్శకత్వమున వైజయంతీవారు నిర్మించిన యీ చిత్రము కథాశ్రేణికిఁ బ్రథమభాగముగాఁ దలపెట్టఁబడినది. ఇందుఁ గాశి మిగిలిన కడపటి పట్టణము. దానిపై నాకసమునఁ గాంప్లెక్సు అను నైశ్వర్యనగరము. అచ్చటి ప్రయోగశాలలో స్త్రీల గర్భములనుండి సారమును దీయుదురు. నాయికకు మొదటఁ బేరు లేదు, సమ్ 80 అను గుర్తు మాత్రమే. తప్పించుకొనివచ్చిన పిదప సుమతి యను పేరు గలుగును. కల్కిపురాణమునఁ గల్కి తల్లి పేరును సుమతియే. అంకెనుండి పేరునకు వచ్చుట యీ పాత్రయందలి నిజమైన యభ్యుదయము. అయినను, ఆమెను బట్టుకొనుటకును, గాపాడుటకును నితరులు చేయు పోరాటమే చిత్రమునఁ బెద్దభాగము. సకలమును నామెయందున్నది గాని యామెచే జరుగునది కొంచెము. ఇది యధికరణము.

తల్లియగుట దుర్బలతయా యని యాక్షేపింపవచ్చును. కాదు. భారతకథ నెఱిఁగినవారి కీ చిత్రమందలి మర్మము గోచరించును. అశ్వత్థామ యుత్తర గర్భముపై నస్త్రమును బ్రయోగించి శాపగ్రస్తుఁడయ్యెను. ఆ యశ్వత్థామయే యిందు మఱియొక గర్భమునకుఁ గావలి కాచి పాపమును గడుగుకొనఁజూచును. కల్పన గంభీరమైనదే. కాని ప్రాయశ్చిత్తము పురుషునిది, గర్భము దాని కాధారము. అదే సౌప్తికఘట్టమున ద్రౌపది పుత్రశోకమునఁ గూలిపోక, అశ్వత్థామ శిరోమణిని దెచ్చితీరవలెనని పట్టుపట్టి సాధించినది. ఉత్తర యధికరణము, ద్రౌపది కర్త. ఇద్దఱును దల్లులే. భారతమునుండి కథ నెత్తుకొన్న చిత్రము ద్రౌపదిమార్గమును వదలి యుత్తరమార్గమునే విస్తరించినది.

సర్వజనసమావేశవిషయమున నీ చిత్రము ప్రశంసార్హము. శంబలయందుఁ దలదాఁచుకొన్నవారిలో మరియం, రూమీ యను పేర్లు వినవచ్చును. శోభన ధరించిన మరియం యచ్చటివారికిఁ బెద్దదిక్కు. అన్నా బెన్ ధరించిన కైరా యాయుధము పట్టి సుమతిని గాచుచుఁ బ్రాణము విడుచును. వేర్వేఱు మతముల పేర్లవా రొక్క గూఁటఁ జేరుట యీ కాలమునకుఁ దగిన కల్పన. ఇట్టి సమావేశము తెలుగునేల కపరిచితము గాదు. చిలుకూరు ఆలయార్చకులు సి. ఎస్. రంగరాజన్ 2018 ఏప్రిలునందు హైదరాబాదు జియాగూడ రంగనాథాలయములోనికి దళితభక్తు నొకనిని భుజములపై మోసికొనిపోయి, తిరుప్పాణాళ్వారుల కథను మరలఁ బ్రత్యక్షము చేసిరి. కాని చోటిచ్చుట వేఱు, మాటకు విలువ నిచ్చుట వేఱు. మరియం, కైరా లిద్దఱును స్వతంత్రించి నడచినవారు. ఆ యిద్దఱును బ్రథమభాగముననే మరణించుటచేఁ గర్తృత్వము గల స్త్రీలకు శ్రేణియందుఁ గొనసాగింపు లేకపోయినది. విదేశశ్రేణులందును జోటు దొరకినంతమాత్రమున గౌరవము దొరకలేదు. 2017 నాటి స్టార్ వార్స్ భాగమున నటించిన కెల్లీ మేరీ ట్రాన్, నిందలు పెచ్చుపెరుఁగఁగా 2018లో సామాజికమాధ్యమమునఁ దన పుటలను దొలఁగించుకొన్నది.

శ్రేణియనునది కొనసాగింపుచేతనే సార్థకము. 2025 సెప్టెంబరులో నిర్మాణసంస్థ, సుమతిపాత్రధారిణి దీపికా పదుకోణె రెండవభాగమునఁ బాల్గొనదని ప్రకటించెను. కారణ మెట్టిదైనను, ఒక సూక్ష్మ మిచ్చటఁ దేలును. రిప్లీ నాలుగుభాగములందు నొక్క ముఖముతో నిలిచెను. సుమతి రెండవభాగమునకే ముఖము మార్చుకొనవలసినదైనది. మఱొకవంకఁ గొన్ని యాశాచిహ్నములును గలవు. 2024 అక్టోబరులో, హనుమాన్ చిత్రముతో నారంభమైన ప్రశాంత్ వర్మ శ్రేణియందు మహాకాళి యను స్త్రీప్రధానచిత్రము పూజా అపర్ణా కొల్లూరు దర్శకత్వమున రానున్నదని ప్రకటింపఁబడెను. 2025లో మలయాళమున వెలువడిన లోక యను చిత్రము యక్షికథను గైకొని, నాయికతోనే శ్రేణి నారంభించి జనాదరమును బొందినది. నాయికను గర్తగా నిలిపినఁ బ్రేక్షకులు రారను వాదమున కిది చాలిన ప్రత్యుత్తరము.

కావున నీ విచారమునఁ దేలిన సారాంశ మిది. తెలుగు అద్భుతకథయందు స్త్రీ లేకపోవుట యెన్నఁడును లేదు. లోపము సంఖ్యయందుఁ గాదు, కారకమునందు. కర్మ, కరణ, సహార్థ, అధికరణస్థానములలోఁ దిరిగిన నాయిక మంత్రకథయందు మరలఁ గర్తయైనది. శాస్త్రకథయం దా స్థాన మింకను బూరింపఁబడవలసియున్నది. సూరన కలభాషిణియు, రొకేయా విశ్వవిద్యాలయమును మార్గమును జూపియే యున్నవి. చిలుకూరున మ్రొక్కు చెల్లించి విమాన మెక్కు మొయినాబాదు కన్య తన ప్రయోగశాలలోఁ దానే కర్త. తెరమీఁది కథ యామె వెనుకఁబడి రావలసియున్నది.