వలస వెళ్ళిన ఇంటి చరిత్ర

చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, శాసనాలు స్ఫురించడం పరిపాటి. పాఠశాలలో విద్యార్థి చదువుకొనే చరిత్రలో శాతవాహనులు ఉన్నారు, కాకతీయులు ఉన్నారు, కృష్ణదేవరాయలు ఉన్నాడు. ఆ విద్యార్థి ఇంటి అరుగు మీద కూర్చున్న తాతగారు మాత్రం అందులో లేరు. ఆయన తండ్రి ఏ కరువులో ఊరు విడిచినాడో, ఏ రేవులో ఓడ ఎక్కినాడో, ఎన్నేండ్లకు తిరిగి వచ్చినాడో ఏ పాఠ్యపుస్తకంలోను దొరకదు. అయినను అది చరిత్రే. సముద్రం దాటి వెళ్ళిన తెలుగువారి విషయంలో ఈ మాట మరింత నిజం. అట్టి కుటుంబాల చరిత్రకు ఏ ఆధారాలు మిగిలి ఉన్నవో, వాటిని మన విద్యార్థుల చేత ఎట్లు వెదికించవచ్చునో ఈ ప్రసంగంలో పరిశీలించదలచినాము.

తెలుగువారికి సముద్రయానం కొత్త కాదు. ప్రాచీన కాలంలో కళింగ తీరం నుండి వర్తకులు తూర్పు దీవులకు వెళ్ళుచుండినారు. మలయా ప్రాంతంలో భారతీయులకు వాడుకైన ‘కెలింగ్’ అన్న పేరు కళింగ శబ్దం నుండి పుట్టినదే. తరువాతి కాలంలో గోదావరి ముఖద్వారం వద్ద కోరంగి రేవు ప్రసిద్ధి చెందినది. 1789లోను, 1839లోను వచ్చిన తుపానులు, ఉప్పెనలు ఆ రేవును నాశనం చేసినవి. రేవు పోయినను పేరు మాత్రం సముద్రం దాటి బ్రతికినది. బర్మాలోను, మారిషస్‌లోను తెలుగువారిని చాలకాలం ‘కోరంగీలు’ అనే పిలిచినారు. అయితే అది ఓడ ఎక్కిన రేవు పేరే గాని పుట్టిన ఊరి పేరు కాదు. వలస చరిత్ర వెదకే విద్యార్థి మొదట గ్రహించవలసిన భేదం ఇదే.

పంతొమ్మిదవ శతాబ్దంలో ఓడ ఎక్కిన తెలుగువాడు వర్తకుడు కాదు, కూలి. 1833లో బ్రిటిష్ పార్లమెంటు తన వలస రాజ్యాలలో బానిసత్వాన్ని రద్దుచేసినది. చెరకు తోటల యజమానులకు పనివారు కావలసి వచ్చినారు. 1834 నుండి మారిషస్‌కు, 1860 నుండి దక్షిణాఫ్రికాలోని నేటాలుకు భారతీయులను ఒడంబడిక మీద తీసుకొనిపోవడం ఆరంభమైనది. 1860 నవంబరు 16వ తేదీన ‘ట్రూరో’ అను ఓడ మద్రాసు నుండి 342 మందితో దర్బన్ రేవు చేరినది. ఒడంబడిక అయిదేండ్లు, మొదటి ఏడు జీతం నెలకు పది షిల్లింగులు. 1911 వరకు నేటాలుకు ఈ విధంగా వెళ్ళినవారు 1,52,000 మందికి పైగా ఉన్నారు. వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుండి బయలుదేరిన తమిళులు, తెలుగువారు. మారిషస్‌కు చేరిన భారతీయుల సంఖ్య నాలుగున్నర లక్షలు దాటినది.

ఎందుకు వెళ్ళినారన్న ప్రశ్నకు జవాబు పల్లెలలోనే ఉన్నది. 1832-33లో గుంటూరు సీమను, 1876-78లో మద్రాసు రాజధానిలోని అనేక జిల్లాలను మహా క్షామాలు పీడించినవి. జమీందారీ శిస్తులు, వడ్డీ అప్పులు రైతును కుంగదీసినవి. మిల్లుగుడ్డ వచ్చి మగ్గాన్ని మూలబెట్టినది. ఊరిలో నిలువలేనివానికి ఏజెంటు మాట ఆశగా వినిపించినది. అందులో నిజమెంత, మోసమెంత అన్నది తోటకు చేరిన తరువాత గాని తెలియలేదు.

ఈ ఒడంబడిక కూలీల విషయంలో చరిత్రకారునకు ఒక సౌకర్యం ఉన్నది. ప్రతి ఓడకు ఒక పట్టిక వ్రాసినారు. మనిషికొక సంఖ్య ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటి మీది మచ్చలు అందులో నమోదు చేసినారు. కూలి మీది ఆదరంతో చేసిన పని కాదది. తోట విడిచి పారిపోయినవానిని గుర్తుపట్టడానికి ఆ మచ్చలు అక్కరకు వచ్చినవి. మారిషస్‌లో తరువాతి కాలంలో ఛాయాచిత్రాలు కూడ తీసినారు. అక్కడి మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఆ దస్తావేజులు భద్రపరచబడి ఉన్నవి. పోర్ట్ లూయీ రేవులో వలసవారు దిగిన ‘ఆప్రవాసీ ఘాట్’ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినది. పారిపోయేవానిని పట్టుకొనడానికి వ్రాసిన పట్టికయే నేడు అతని మునిమనుమడికి ఊరి దారి చూపుచున్నది.

కాని కాగితం చెప్పనిది కూడ చాల ఉన్నది. ఆ పట్టికలలో తెలుగువాని ఇంటిపేరుకు చోటు లేదు. తండ్రి పేరే క్రమంగా వంశనామమైనది. అప్పన్న, నరసింహులు, రామస్వామి అన్న వ్యక్తుల పేర్లు మారిషస్‌లో కుటుంబాల పేర్లుగా స్థిరపడినవి. దక్షిణాఫ్రికాలో ‘నాయుడు’ అన్నది పలువురికి ఇంటిపేరు స్థానంలో నిలిచినది. మన పల్లెలో ఒక మనిషిని పోల్చుకొనడానికి మొదట అడిగేది ఇంటిపేరే గదా! అది లేని మునిమనుమడు గ్రామం పేరు పట్టుకొని వచ్చినను, ఏ గడప ముందు నిలువవలెనో అతనికి తెలియదు. పైగా గ్రామం పేరును గుమాస్తా తన చెవికి వినిపించినట్లు ఆంగ్ల లిపిలో వ్రాసినాడు.

అట్టి చోట ఇంటి ఆచారం సాక్ష్యానికి వచ్చుచున్నది. మారిషస్ తెలుగువారు నేటికిని అమ్మోరు పండుగ చేయుచున్నారు, సింహాద్రి అప్పన్నను పూజించుచున్నారు, రామభజన పాడుచున్నారు. సింహాచలం కొండ ఎన్నడు చూడని ఇంటిలో అప్పన్న పూజ ఎందుకు జరుగుచున్నదో విచారించినచో విశాఖ మండలం వైపు దారి కనిపించును. ‘అమ్మోరు’ అన్న ఒక్క మాటలో ఒక ప్రాంతపు పలుకుబడి నిలిచి ఉన్నది. కాగితం మరచిన దానిని నాలుక దాచినది.

బర్మాకు వెళ్ళినవారి కథ దీనికి సరిగా విపరీతం. రంగూనును మన ఉత్తర కోస్తా ప్రజలు ‘రంగం’ అన్నారు. ‘రంగం పోయినాడు’ అన్న మాట శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాలలో ఇంటింట వినిపించినది. 1937 మార్చి 31 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమే గనుక, అక్కడికి వెళ్ళడం పరదేశయానం కాలేదు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవులలో స్టీమరు ఎక్కి, డెక్కు మీద పడుకొని వెళ్ళినారు. మేస్త్రీ ఇచ్చిన బయానాయే వారి ఒడంబడిక. రేవులలో బస్తాలు మోసినారు, బియ్యపు మిల్లులలో పనిచేసినారు. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూను నగరంలో సగానికి మించినవారు భారతీయులు. అయినను నేటాలు పట్టికల వలె మనిషికొక సంఖ్య, తండ్రి పేరు, గ్రామం వ్రాసి ఉంచిన పట్టికలు రంగం కూలీలకు లేవు.

వారి చరిత్రలో దుఃఖానికి కొదువ లేదు. 1930 మేలో రంగూను రేవులోని తెలుగు కూలీలు జీతాల పెంపునకై సమ్మె చేసినారు. యజమానులు వారి స్థానంలో బర్మీయులను పనిలో పెట్టినారు. సమ్మె ముగియగానే వారిని తొలగించినారు. రెండు జాతుల పేదవారి మధ్య అట్లు రగిలిన కలహంలో నూరుమందికి పైగా మరణించినారు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేసినవి. తరువాతి నెలలలో నాలుగైదు లక్షల మంది భారతీయులు అరకాను, మణిపురం, అస్సాం దారులలో కొండలు, అడవులు దాటి స్వదేశం చేరజూచినారు. వేలాది మంది దారిలోనే ప్రాణాలు విడిచినారు. యుద్ధం తరువాత మరల వెళ్ళినవారు, అక్కడనే నిలిచినవారు 1962 సైనిక ప్రభుత్వం వచ్చిన పిమ్మట తిరిగి రావలసి వచ్చినది. దుకాణాలు జాతీయమైనవి. 1964 మేలో నూరు, ఏబది క్యాట్ల నోట్లు రద్దైనవి. లక్షలాది భారతీయులు వట్టి చేతులతో ఓడ ఎక్కినారు. విశాఖపట్నం కంచరపాలెంలో ‘బర్మా క్యాంపు’ అన్న పేట పేరు ఆ రాకకు గుర్తు.

ఇప్పుడు విద్యార్థుల మాటకు వత్తుము. బాలబాలికలతో చరిత్ర ముచ్చటించిన సందర్భాలలో వారి ఇంటి కథ చెప్పుమని మేము అడుగుచుంటాము. తాతలు జమీందారులో, పండితులో అయినవారు ఉత్సాహంతో చెప్పుదురు. తక్కినవారు తల వంచుకొందురు. “మావాళ్ళు రంగంలో కూలికి పోయినారండీ, మాకు చరిత్రేమున్నది?” అని ఒక బాలుడు అన్న మాట మా మనస్సులో నిలిచిపోయినది. రంగూను రేవు మీద నిలిచిన మనిషి వంశంలో పుట్టి, తనకు చరిత్ర లేదని ఒక పిల్లవాడు నమ్మినాడంటే, ఆ లోపం అతనిది కాదు. చరిత్రను మనం చెప్పిన తీరుది.

ఇటువంటి విద్యార్థికి ఇవ్వవలసిన పని కష్టమైనది కాదు. ఇంటిలోని పెద్దవారిని అడగవలెను, విన్నది విన్నట్లు వ్రాయవలెను. పెద్దలు సంవత్సరాన్ని అంకెలలో చెప్పకపోవచ్చును; పేరుతో చెప్పుదురు. ధాత కరువు అన్నచో అది 1876-77. కాని ఉత్తి ధాత అన్నచో 1936-37 కూడ కావచ్చును. అరువదేండ్లకొకసారి అదే పేరు తిరిగి వచ్చును గదా. కాబట్టి మరొక గుర్తు అడగవలెను. విశాఖ, కాకినాడల మీద బాంబులు పడిననాటికి నాన్న రంగం నుండి తిరిగి వచ్చినాడా, లేదా? ఆ బాంబులు పడినది 1942 ఏప్రిల్ 6న. ఈ విధంగా రెండు జ్ఞాపకాలను ఒకదానితో ఒకటి సరిచూచినచో తేదీ తేలును. ఇనుప పెట్టెలో మనియార్డరు రసీదు, ఉత్తరం, పాత ఫోటో ఉన్నచో దాని వెనుక వ్రాసిన అక్షరాలను కూడ ఎత్తి వ్రాయవలెను.

నాయనమ్మలను, అమ్మమ్మలను తప్పక అడగవలెను. రంగం వెళ్ళినవారిలో అత్యధికులు పురుషులు. ఊరిలో పొలం చూచుకొని, పిల్లలను పెంచి, టపా కొరకు ఎదురుచూచినవారు స్త్రీలు. ఓడ ఎక్కినవాని కథ ఎంతయో, ఎక్కనివారి కథ అంతే. అయితే ఒక జాగ్రత్త అవసరం. అడవిదారిలో బిడ్డను పోగొట్టుకొన్న ఇల్లు కావచ్చును. మౌనం వహించిన పెద్దవారిని తరచి తరచి బాధించరాదు. వారు చెప్పినంతయే చరిత్ర.

ఈ పనికి వ్యవధి ఎక్కువ లేదు. 1942లో తల్లి చేయి పట్టుకొని ఏడెనిమిదేండ్ల వయస్సున నడచి వచ్చిన పిల్లలు నేడు తొంబదేండ్ల వృద్ధులు. 1964లో ఓడ దిగిన యువకులు ఎనుబది దాటినారు. నేటాలు కూలి మునిమనుమడికి పట్టికలో ఒక వరుస అయినా ఉన్నది. రంగం కూలి మనుమడికి ఈ పెద్దల నోటి మాట తప్ప వేరు దస్తావేజు లేదు.

కాబట్టి శ్రోతలకు మా మనవి ఒక్కటే. ఈ రాత్రి రేడియో కట్టివేసిన తరువాత పిల్లలను పెద్దవారి చెంత కూర్చుండబెట్టండి. “మన ఇంటిలో ఓడ ఎక్కినవారెవరు? ఏ రేవులో ఎక్కినారు? వారి కొరకు ఎవరు ఎదురుచూచినారు?” అని అడిగించండి. చెప్పినవారి పేరు, చెప్పిన తేదీ వేసి, నోటుపుస్తకంలో వ్రాయించండి.