తయారీ ఆగినా బండి ఆగలేదు

1889లో ఇల్లందులో సింగరేణి బొగ్గు తవ్వకం మొదలవడంతో డోర్నకల్ జంక్షనుకు బొగ్గుతో విడదీయరాని బంధం ఏర్పడింది. మహబూబాబాద్, జనగామల మీదుగా దశాబ్దాలపాటు ఆవిరి ఇంజన్లే బండ్లను లాగిన సంగతి మన సభ్యులకు తెలిసినదే.

1950లో ఆవిరి ఇంజన్ల తయారీ ప్రారంభించిన చిత్తరంజన్ కర్మాగారం, 2,351 ఇంజన్లు అందించి 1972లో ఆ పని నిలిపివేసింది. బ్రాడ్‌గేజిపై వాటికి వీడ్కోలు మాత్రం 1995 డిసెంబరులో గాని జరగలేదు. కొత్త ఇంజను రాదు, ఉన్నదాన్ని నడపక తప్పదు. ఈ 23 ఏండ్ల బరువు మోసినది షెడ్డు సిబ్బందే.

అదెట్లా సాధ్యమైంది? మెయిలు బండ్లకు డీజిలు, కరెంటు ఇంజన్లు రాగా, ఆవిరి ఇంజన్లను ప్యాసింజరు, గూడ్సు, షంటింగు పనులకు మళ్లించారు. కండెమ్ అయిన ఇంజను నుంచి పనికొచ్చే భాగాలు విప్పి మరోదానికి బిగించారు. షెడ్లను ఒక్కొక్కటిగా మూసి, మిగిలిన ఇంజన్లను కొన్నిచోట్లకే చేర్చారు. ఎంత పాతదైనా బాయిలరు తనిఖీకి మినహాయింపు లేదు. ఆవిరి ఒత్తిడి వయసును మన్నించదు గదా! ఫైర్‌మన్లు శిక్షణ పొంది డీజిల్ అసిస్టెంట్లయ్యారు. బాయిలర్ మేకర్ల చేతి పనితనం మాత్రం చాలావరకు కాగితాలకెక్కకుండానే వారితోపాటు రిటైరయింది.

నేడు భూపాలపల్లి గనుల బొగ్గు చెల్పూరులో కరెంటవుతున్నది; మన స్టేషన్ల మీదుగా కరెంటు ఇంజన్లు పోతున్నాయి. ఇవీ ఒకనాటికి పాతబడేవే. యంత్రం కొన్ననాడే దాని చివరి రోజుల విడిభాగాలు, పనివారి శిక్షణ గురించి ఆలోచించాలన్నదే ఈ చరిత్ర చెప్పే పాఠం. షెడ్లలో పనిచేసిన సభ్యులు తమ పని వివరాలు వ్రాసి ఉంచితే రాబోవు తరానికి మేలు చేసినవారవుతారు.