బొమ్మ పుట్టేది ఒకచోట, పడేది ఒకచోట

2010 జనవరి. ఇంటెల్ కొత్త కోర్ ఐ3 ప్రాసెసర్లు బజారులోకి వచ్చాయి. గ్రాఫిక్స్ వాటిలోనే ఉంది, విడిగా కార్డు కొనక్కర్లేదు. కొన్ని నెలల ముందే వచ్చిన పీ55 మదర్‌బోర్డులో ఆ ప్రాసెసర్ చక్కగా కూర్చుంటుంది. సాకెట్ ఒకటే, ఎల్‌జీఏ 1156. తీరా మానిటర్ కేబుల్ పెడదామని వెనక్కి తిప్పి చూస్తే ఆ బోర్డుకు డిస్‌ప్లే పోర్టే లేదు! పోనీ, పోర్టులున్న హెచ్55 బోర్డు తెచ్చి 2009 నాటి ఐ5-750 పెడితే? పోర్టులు ఉంటాయి గానీ బొమ్మ పడదు. ఆ ప్రాసెసర్లో గ్రాఫిక్స్ లేదు మరి. ప్రొజెక్టర్ ఉండి తెర లేని హాలు ఒకటి, తెర ఉండి ప్రొజెక్టర్ లేని హాలు ఇంకొకటి!

బోర్డుదే బొమ్మ

మొదట్లో ఈ తగువు లేదు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీకి బొమ్మ చూపించే పని విడి కార్డుది. 1998లో ఇంటెల్ సొంతంగా ఐ740 అనే గ్రాఫిక్స్ చిప్ తెచ్చింది. అది బజారులో ఎక్కువ కాలం నిలవలేదు. దాని విద్య మాత్రం వృథా పోలేదు. మరుసటి ఏడాది 810 చిప్‌సెట్‌లో చేరి, మదర్‌బోర్డు మీదికే వచ్చేసింది. సొంత మెమరీ పెద్దగా లేక, సిస్టమ్ ర్యామ్‌లోంచే కొంత వాడుకునేది. అయినా ఖర్చు తగ్గింది.

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో సిస్టమ్ అసెంబుల్ చేయించుకున్న తరానికి 945జీ, జీ31, జీ41 బోర్డులు గుర్తుండే ఉంటాయి. ‘ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్’ అనే మాట ఆ రోజులది. పెంటియమ్ 4 పెట్టినా, కోర్ 2 డుయో పెట్టినా, బోర్డు దానికి సరిపడితే చాలు, బొమ్మ పడేది. బోర్డు పేరులో ‘జీ’ ఉంటే గ్రాఫిక్స్ ఉన్నట్టు. 945పీ, పీ35 లాంటి ‘పీ’ బోర్డులైతే కార్డు కొనుక్కోవాల్సిందే.

ఇల్లు మారింది, గుమ్మం మారలేదు

2006లో ఇంటెల్ పోటీదారు ఏఎండీ సుమారు 540 కోట్ల డాలర్లతో గ్రాఫిక్స్ సంస్థ ఏటీఐని కొనేసింది. ప్రాసెసర్‌నూ గ్రాఫిక్స్‌నూ ఒకే చిప్‌లో పెట్టాలన్నది ఆలోచన. అది ఇంటి పీసీకి చేరేసరికి 2011 అయింది. దానికి ఎఫ్ఎం1 అనే కొత్త సాకెట్ కావాల్సి వచ్చింది.

ఈలోగా ఇంటెల్ 2010లో గ్రాఫిక్స్ ముక్కను బోర్డు నుంచి తీసి, ప్రాసెసర్ పక్కనే ఒకే ప్యాకేజీలో పెట్టింది. 2011లో వచ్చిన శాండీ బ్రిడ్జ్ ప్రాసెసర్లతో రెండూ ఒకే సిలికాన్ ముక్క అయ్యాయి. పోర్టులు మాత్రం బోర్డు మీదే ఉండిపోయాయి. ప్రాసెసర్లో పుట్టిన బొమ్మ అప్పట్లో బోర్డు చిప్‌సెట్ గుండా పోర్టుకు చేరాల్సి వచ్చేది. పీ55లో ఆ దారి లేదు. తర్వాతి పీ67లోనూ లేదు. హెచ్67లో దారి ఉంది కానీ ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ లేదు. రెండూ కలిసిన జెడ్68 ఆ ఏడాది మేలో గానీ రాలేదు.

ఏఎండీకి చిక్కు ఇంకో రూపంలో వచ్చింది. 2017 నాటి దాని తొలి రైజెన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ లేదు. 2018 ఫిబ్రవరిలో గ్రాఫిక్స్‌తో 2200జీ, 2400జీ వచ్చాయి. సాకెట్ అదే, ఏఎం4. అయితే దుకాణాల్లోని పాత బోర్డులకు బయోస్ అప్‌డేట్ చేస్తేనే అవి పనిచేసేవి. అప్‌డేట్ చేయాలంటే ఆ బోర్డు గుర్తుపట్టే పాత ప్రాసెసర్ కావాలి! చివరికి ఏఎండీయే కొనుగోలుదారులకు ప్రాసెసర్లు అరువిచ్చింది.

అక్షరం చూడండి

2019లో ఇంటెల్ గ్రాఫిక్స్ లేని ప్రాసెసర్లకు పేరు చివర ‘ఎఫ్’ తగిలించింది. ఒకప్పుడు బోర్డు పేరులో చూసిన అక్షరాన్ని ఇప్పుడు ప్రాసెసర్ పేరులోనూ చూడాలి. ఏఎండీ మాత్రం 2022 నాటి రైజెన్ 7000 నుంచి చాలా ప్రాసెసర్లలో చిన్నపాటి గ్రాఫిక్స్ పెడుతోంది.

ఐ5-12400, ఐ5-12400ఎఫ్ రెండూ ఒకే సాకెట్‌లో కూర్చుంటాయి. మొదటిదానితో సరిపడే బోర్డు, హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే చాలు. రెండోదానికి కార్డు తప్పదు. కార్డు కొనే ఆలోచన లేకపోతే ప్రాసెసర్ చివరి అక్షరం, బోర్డు వెనక పోర్టు, బయోస్ వెర్షన్, ఈ మూడూ చూశాకే బిల్లు వేయించుకోండి.