ఎగరని విమానంతో కుస్తీ

కాళ్లు గట్టిగా ఆనించి నిలబడండి. కార్న్‌వాల్ గాలి మనిషిని పక్కకు తోసేస్తుంది. ఇది ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కల్‌డ్రోజ్, రాయల్ నేవీ వైమానిక స్థావరం. మీ బూట్ల కింద ఉన్నది ఓడ కాదు, నేలే. దానిమీది గీతలు మాత్రం విమానవాహక నౌకవి. ఇక్కడివాళ్లు దీన్ని ‘డమ్మీ డెక్’ అంటారు.

మీ ఒంటిమీద నీలం జాకెట్ ఉంది. అంటే మీరు హ్యాండ్లర్. విమానాన్ని కదిలించడం, చక్రాలు కదలకుండా చాక్‌లనే దిమ్మలు అడ్డు పెట్టడం, గొలుసులతో కట్టేయడం మీ పని. చెవులు మూసేశారు కాబట్టి మాటలతో పని లేదు. విమానాన్ని ఎటు నడపాలో చూపించే పసుపు జాకెట్ మనిషి చేతులు ఎలా చెబితే అలా.

ఎదురుగా ఎఫ్-35బి యుద్ధవిమానం. అసలుదైతే దాదాపు పది కోట్ల డాలర్లు. ఇది ఇంజిన్ లేని నకలు. కానీ కొలతల్లో తేడా లేదు: పొడవు 15.6 మీటర్లు, రెక్క కొస నుంచి కొసకు 10.7.

ట్రాక్టర్ దాన్ని వెనక్కి నెడుతోంది. మీరు ఎడమ రెక్క కొసనే చూస్తూ నడుస్తున్నారు. బోలెడు జాగా ఉంది. ఇంతలో పసుపు జాకెట్ రెండు చేతులూ తలపైన అడ్డంగా పెట్టేశాడు. ఆగండి! ముక్కు కుడికి తిరిగేసరికి తోక ఎడమకు విసురుగా వచ్చింది. వెనకున్న విమానం ముక్కుకూ దానికీ మధ్య మిగిలింది జానెడు. మీరు రెక్కను కాపాడుతుంటే ముప్పు తోక నుంచి వచ్చింది.

నిజమైన డెక్ మీద ఆ వెనక విమానంలో ఇంధనం ఉంటుంది, రెక్కల కింద ఆయుధాలుంటాయి. 1967లో అమెరికా నౌక ఫారెస్టల్ మీద ఒక రాకెట్ ప్రమాదవశాత్తు వెలిగి దూసుకుపోతే, ఆ మంటల్లో 134 మంది చనిపోయారు.

నకలు నేర్పలేనిదీ ఉంది. ఒకప్పుడు ఇక్కడ అసలు యుద్ధవిమానాలే, సీ హారియర్లు, ఉండేవి. 2006లో సర్వీసు నుంచి తప్పించాక కూడా వాటి ఇంజిన్లు వేసి ఈ డెక్ మీద నడిపించేవారు. ఇంజిన్ వదిలే వేడి గాలి ఎక్కడ తగులుతుందో ఒంటికి తెలిసేది. నన్నడిగితే, ఎంత మంచి నకలైనా ఆ భయం పెట్టలేదు.

సరే, చాక్‌లు పడ్డాయి. గొలుసు కొక్కెం నేలమీది రింగుకు తగిలించి బిగించారు. శిక్షకుడు వచ్చి బూటుతో గొలుసును తట్టాడు. ఊగింది. మాట్లాడకుండా వేలితో చూపించాడు: విప్పు, మళ్లీ కట్టు.