మనోవ్యాధి చికిత్స – నిలకడలేని నిధులు

హిజ్రీ 683 (క్రీ.శ. 1284)లో సుల్తాన్ ఖలావూన్ కైరోలో ఆసుపత్రి కట్టించి ఊరుకోలేదు. దాని ఖర్చుల కోసం దుకాణాలు, స్నానశాలలు మొదలైన ఆస్తులను వఖ్ఫు చేశాడు. ఏటా సుమారు 10 లక్షల దిర్హముల ఆదాయం వచ్చేదని చరిత్రకారులు వ్రాశారు. స్త్రీ పురుషులకు, బీదలకు, ధనికులకు అందరికీ ప్రవేశముండేది. నయమయ్యే వరకు రోగిని పంపరాదని వఖ్ఫు నియమం. మతి చలించిన వారికి వేరే విభాగముండేది. అయితే వఖ్ఫు పత్రం వ్రాసినంత మాత్రాన సంస్థ దానంతటదే నడవదు. ఆస్తుల నిర్వహణ చెడి, 1798లో ఫ్రెంచివారు కైరోలో ప్రవేశించేనాటికి ఆ వైద్యశాల శిథిలావస్థలో ఉంది. మన హైదరాబాదులో 1595 ప్రాంతంలో ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా నెలకొల్పిన దారుష్షిఫా నేడు చాలామందికి ఒక పేట పేరు మాత్రమే.

నిజాం రాజ్యంలో పిచ్చాసుపత్రి మరాఠ్వాడాలోని జాల్నాలో ఉండేది. నల్లగొండ జిల్లా వారికి అది దాదాపు పరదేశమే! 1953లో దానిని ఎర్రగడ్డకు మార్చారు. అప్పటికీ సూర్యాపేట నుంచి హైదరాబాదుకు సుమారు 135 కిలోమీటర్లు, కోదాడకు ఇంకా 40 కిలోమీటర్లు పైబడి దూరం. అదుపుతప్పిన మనిషిని బస్సులో అంతదూరం తీసుకుపోవడం ఎంత కష్టమో ఆ ఇంటివారికే తెలుసు.

చికిత్సను రోగి ఊరికి చేర్చాలన్న ఆలోచనతో 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. బళ్ళారిలో జరిపిన ప్రయోగం ఆధారంగా 1996లో నాలుగు జిల్లాలలో జిల్లా కార్యక్రమం మొదలైంది. వాటిలో మన మెదక్ ఒకటి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు శిక్షణ ఇచ్చి, మాత్రలు అక్కడే అందించడం దాని పద్ధతి. అప్పట్లో కేంద్రం అయిదేళ్ళు డబ్బిచ్చేది, పిమ్మట రాష్ట్రం భరించాల్సి ఉండేది. లోపమంతా ఇక్కడే ఉండేది. అనేక రాష్ట్రాలు ఆ భారం సకాలంలో స్వీకరించలేదు. కాంట్రాక్టు ఉద్యోగులు వెళ్ళిపోయారు. రోడ్డు పని ఆరు నెలలు ఆగితే మళ్ళీ మొదలుపెట్టవచ్చు. స్కిజోఫ్రెనియా రోగికి మాత్రలు కొన్ని వారాలు ఆగినా వ్యాధి తిరగబెట్టవచ్చు. అంతవరకు నిలదొక్కుకున్న సంసారం మళ్ళీ మొదటికి వస్తుంది. వ్యాధి ఏళ్ళ తరబడి ఉంటుంది, పథకానికేమో గడువు!

2016 అక్టోబరులో జిల్లాలు విభజించినప్పుడు సూర్యాపేట, కోదాడ కొత్త జిల్లాలోకి వెళ్ళాయి. మిర్యాలగూడ నల్లగొండలోనే మిగిలింది. కార్యక్రమం జిల్లాల లెక్కన నడిచేది గనుక ఇరుగుపొరుగు రోగులు రెండు కార్యాలయాల పరిధిలో పడ్డారు. 2019లో సూర్యాపేటలోనూ నల్లగొండలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలిశాయి. పథకం కంటే ఇదే గట్టి ఆధారం. కళాశాలలోని మానసిక చికిత్సా విభాగం కాలపరిమితి గల గ్రాంటు మీద నడవదు, ప్రొఫెసరు జీతం రాష్ట్ర బడ్జెటులో ఉంటుంది. కానీ కోదాడ, మిర్యాలగూడ ఆసుపత్రులలో నెలనెలా మాత్రలు అందాలంటే ఆ విభాగం ఒక్కటే చాలదు.

2022 అక్టోబరులో మొదలైన 14416 టెలిఫోను సేవ సలహా ఇవ్వగలదు, మాత్రల సీసా పంపలేదు. 2017 నాటి చట్టం, 18వ సెక్షనులో, నిర్దేశిత కనీస సేవలు జిల్లాలో లభించకపోతే రోగి జిల్లాలోనే వేరే చోట చికిత్స పొందవచ్చనీ, ఆ ఖర్చు ప్రభుత్వమే భరించాలనీ చెప్పింది. ఖలావూన్ ఆసుపత్రికి దుకాణాల అద్దె ఉండేది. ఈ సెక్షనుకు ఏటా బడ్జెటులో చూపే పద్దే ఆధారం.