ఎవరెస్ట్ కథలో మూట మోసినోళ్లు



ఎవరెస్ట్ మొదట ఎక్కింది ఎవరని క్విజ్‌లో అడిగితే మన హాస్టళ్లలో ఎవరైనా చెప్తారు. హిల్లరీ, టెన్సింగ్, 1953 మే 29. ఆ రెండో పేరు వెనుక ఉన్న జనం గురించి ఈ పోస్టు. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

షెర్పాలు టిబెట్ నుంచి వచ్చి నేపాల్‌లోని సోలుఖుంబు కొండల్లో స్థిరపడ్డ జాతి. జడల బర్రెలు మేపుకోవడం, ఆలుగడ్డ పండించడం, కనుమలు దాటి వ్యాపారం చేయడం వాళ్ల బతుకు. పెద్ద శిఖరాలు వాళ్లకు దేవతల నివాసాలు. వాటి మీదికెక్కి జెండా పాతాలన్న ఆలోచనే వాళ్లకు లేదు. టిబెట్ వాళ్లు చోమోలుంగ్మా అని పిలుచుకునే ఆ కొండకు 1865లో ఇంగ్లీషు వాళ్లు తమ సర్వే అధికారి జార్జ్ ఎవరెస్ట్ పేరు పెట్టారు. మన గుట్టలకు, వాగులకు మన పెద్దలు పెట్టుకున్న పేర్లు ఒకటి, మ్యాపులో ఉండే పేర్లు ఇంకొకటి. ఇది మనకు కొత్త కాదు.

1920లలో ఇంగ్లీషు బృందాలు ఎవరెస్ట్ మీదికి బయలుదేరినప్పుడు డార్జిలింగ్‌లో కూలీకి వచ్చిన షెర్పాలను మూటలు మోయడానికి పెట్టుకున్నాయి. 1922 జూన్ 7న మంచుచరియ విరిగిపడి ఏడుగురు చనిపోయారు. ఏడుగురూ మోతకూలీలే. ఆ రోజు వాళ్లతో ఉన్న ఇంగ్లీషు వాళ్లంతా బతికారు. మల్లోరీ పేరు ప్రపంచానికి తెలుసు. ఆ ఏడుగురిలో ఒక్క పేరు మనలో ఎంతమందికి తెలుసు?

టెన్సింగ్ కూడా 1935లో కూలీగానే మొదలుపెట్టాడు. పద్దెనిమిదేళ్ల తర్వాత శిఖరం మీద నిలబడ్డాడు. అక్కడ తీసిన ఫేమస్ ఫోటోలో ఉన్నది ఆయనే, తీసింది హిల్లరీ. అయినా బ్రిటన్ హిల్లరీకి, నాయకుడు హంట్‌కు 'సర్' బిరుదు ఇచ్చింది, టెన్సింగ్‌కు జార్జ్ మెడల్ ఇచ్చి సరిపెట్టింది. ఆయనకు చాలా భాషలు మాట్లాడటం వచ్చు, చదవడం రాయడం రాదు. తన జీవితకథను కూడా వేరేవాళ్లకు చెప్పి రాయించుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు 2014కు వద్దాం. ఆ ఏడాది మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల తండా బిడ్డ మాలావత్ పూర్ణ 13 ఏళ్ల 11 నెలల వయసులో టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కింది. ఖమ్మం జిల్లా దళిత బిడ్డ ఆనంద్ కుమార్ ఆమెతో ఉన్నాడు. ఇద్దరూ గురుకులం పిల్లలే. భువనగిరి గుట్ట మీద, డార్జిలింగ్‌లో శిక్షణ తీసుకున్నారు. మనందరి స్టేటస్‌లలో ఆ ఫోటో ఉంటది, ఉండాలె కూడా.

కానీ దానికి నెల ముందు, ఏప్రిల్ 18న, అదే కొండకు నేపాల్ వైపున మంచు కూలి 16 మంది చనిపోయారు. అందరూ వేరేవాళ్ల కోసం దారి వేస్తూ, సామాను మోస్తూ ఉన్న పనివాళ్లే. ఎక్కువమంది షెర్పాలు. ఒక్కో కుటుంబానికి ప్రభుత్వం మొదట ప్రకటించింది 40,000 నేపాలీ రూపాయలు. షెర్పాలు తిరగబడ్డారు, పని ఆపేశారు. ఆ వైపు ఆ సీజన్ దాదాపు మొత్తం ఆగిపోయింది. మూట దించితే ఏమైతదో ప్రపంచం అప్పుడు చూసింది.

2021 జనవరి 16న పదిమంది నేపాలీలు చలికాలంలో ఎవరూ ఎక్కని కే2 శిఖరం ఎక్కారు. తొమ్మిదిమంది షెర్పాలు, ఒకరు మగర్. శిఖరానికి కొంచెం కింద ఆగి, ఒకరికోసం ఒకరు ఎదురుచూసి, అందరూ కలిసి అడుగుపెట్టారు. మొదటివాడు ఎవరన్న ప్రశ్నే లేకుండా చేశారు.

పూర్ణ కథ చెప్పుకునేటప్పుడు ఈ జనం కథ కూడా చెప్పుకుందాం. ఎక్కినోళ్ల పేర్లు నిలిచాయి, ఎందుకంటే రాసింది వాళ్లు. మన ఇళ్లల్లో మొదటిసారి కలం పట్టింది మనమే. సర్వే వాళ్లకు, ఫారెస్ట్ వాళ్లకు దారి చూపించిన తాతలు, మూటలు మోసిన అవ్వలు మన గూడేల్లో, తండాల్లో ఇంకా ఉన్నారు. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు అడుగుదాం, పేరుతో సహా రాసుకుందాం. రాసినవి ఇక్కడే పెట్టండి.