చంద్రుడి మీద వదిలేసిన కెమెరా

భూమి చుట్టూ మన కంటికి కనిపించని వెలుగొకటి ఉంది. దాని పేరు జియోకరోనా. తెలుగులో భూకిరీటం అందాం.

నీటి ఆవిరి, మీథేన్ పైకి పోయి విడిపోగా పుట్టిన హైడ్రోజన్ పరమాణువులు వాతావరణం చివరంటా పలచగా పరుచుకుని ఉంటాయి. సూర్యుడి నుంచి వచ్చే 121.6 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి (లైమన్ ఆల్ఫా అంటారు) తగిలితే, అవి దాన్ని పట్టుకుని మళ్ళీ నలుదిక్కులా వెదజల్లుతాయి. కిరీటం మెరుపు అదే. ఈ కాంతిని కింద ఉన్న ఆక్సిజన్ మింగేస్తుంది కాబట్టి నేల మీది టెలిస్కోపులతో లాభం లేదు.

1955లో అమెరికా నౌకాదళ పరిశోధనాశాల వాళ్ళు పంపిన రాకెట్‌కి అర్ధరాత్రి ఆకాశంలో కూడా ఈ వెలుగు కనిపించింది. ఇది భూమిదా, గ్రహాల మధ్య ఖాళీదా అని కొన్నాళ్ళు వాదన నడిచింది.

తర్వాత అదే పరిశోధనాశాలలో చేరినవాడు జార్జ్ కారథర్స్. పదేళ్ళ వయసులోనే టెలిస్కోపు తయారు చేసుకున్న నల్లజాతి కుర్రాడు. ఆయన తయారుచేసిన బంగారు పూత కెమెరాని 1972 ఏప్రిల్‌లో అపోలో 16 వ్యోమగామి జాన్ యంగ్ చంద్రుడి మీద, ల్యాండర్ నీడలో నిలబెట్టాడు. భూకిరీటం ఫోటో అలా దొరికింది. ఫిల్ము వెనక్కి వచ్చింది, కెమెరా ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇక్కడో తిరకాసుంది. సూర్యుడికి సుమారు 11 ఏళ్ళకోసారి జోరు పెరుగుతుంది. అప్పుడు లైమన్ ఆల్ఫా ఒకటిన్నర రెట్లు దాకా ఎక్కువవుతుంది, కిరీటం మరింత మెరుస్తుంది. మెరుపు పెరిగింది కదా, హైడ్రోజన్ కూడా పెరిగిందనుకుంటే పొరపాటే. అదే జోరుకి పై వాతావరణం వేడెక్కి హైడ్రోజన్ తొందరగా తప్పించుకుంటుంది, ఆ పొర అడుగున దాని సాంద్రత తగ్గుతుంది. అందుకని, ముందు సూర్యుణ్ణి కొలవకుండా కిరీటాన్ని లెక్క కట్టలేం.

సోహో వ్యోమనౌక 1996-98లో, సూర్యుడు నెమ్మదిగా ఉన్న రోజుల్లో, తీసిన కొలతల్ని 2019లో మళ్ళీ తవ్వి చూశారు, మేం ఆఫీసులో పాత లాగ్ ఫైళ్ళు తిరగేసినట్టే. కిరీటం 6,30,000 కిలోమీటర్ల దాకా ఉందని తేలింది. అంటే చంద్రుడు కూడా దాని లోపలే తిరుగుతున్నాడన్నమాట!

దీనికింత శ్రమ ఎందుకంటారా? భూమి నుంచి సెకనుకి సుమారు 3 కిలోల హైడ్రోజన్ అంతరిక్షంలోకి జారిపోతోంది. అది చాలావరకు ఒకప్పటి నీరే. మన సముద్రాలు రేపో మాపో ఎండిపోవు గానీ, అంగారకుడు తన నీటిలో చాలా భాగాన్ని ఈ దారిలోనే పోగొట్టుకున్నాడు. 2013లో మన శ్రీహరికోట నుంచి వెళ్ళిన మంగళయాన్ కూడా ఈ లెక్క కోసమే లైమన్ ఆల్ఫా పరికరాన్ని మోసుకెళ్ళింది.

కారథర్స్ 2020 డిసెంబరులో పోయారు. భూకిరీటాన్ని కొలవడానికి నాసా 2025 సెప్టెంబరు 24న పంపిన నౌకకి ఆయన పేరే పెట్టారు. దాని మజిలీ భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, అంటే కిరీటాన్ని పూర్తిగా దాటి బయట. ఇల్లంతా ఒక్క ఫోటోలో పట్టాలంటే వీధిలోకి వెళ్ళి నిలబడాలి కదా మరి.